దైవజనుణ్ణి లెక్క అడగొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారు మొదలుపెట్టిన సంఘంలో రెండేళ్లుగా సేవ చేస్తున్నాను. ఆయన ప్రభువునందు నిద్రించాక పెద్దలు నా మీద చేతులుంచి ప్రార్థన చేశారు. ట్రైనింగులో మాకు పాఠాలు చెప్పిన మాస్టారు ఈ మధ్య గ్రెగరీ అనే ఆయన కాపరుల కోసం రాసిన పాత పుస్తకం చదవమన్నారు. మా సంఘ పెద్ద ఒకాయన "పోపు రాసింది మనకెందుకు, బైబిల్ చాలదా" అంటున్నారు. నాకూ అనుమానమే. పద్నాలుగు వందల ఏళ్ల కిందటి మాటలు నా ఇబ్బందులకు ఏం పనికొస్తాయి? అర్ధరాత్రి దాకా ఫోన్లు, వాట్సాప్ మెసేజీలు. వాక్యం సిద్ధపడే టైమే ఉండదు. యూట్యూబ్‌లో పెద్ద సేవకుల ప్రసంగాలు వినేవాళ్లకు నా ప్రసంగం ఆనడం లేదు. మందిరం స్థలం ఇంకా నాన్నగారి పేరునే ఉంది. పోయిన నెల ఒక కుర్రాడు కూడికలో లేచి కానుకల లెక్క అడిగాడు. పెద్దలు "దైవజనుణ్ణి లెక్క అడుగుతావా" అని కూర్చోబెట్టేశారు. నేనేమీ అనలేదు. ఇప్పుడు బయటినుంచి ఒక ప్రవక్తగారు మా ఊళ్లో మూడు రోజుల కూడికలు పెడతానంటున్నారు, ఖర్చంతా సంఘానిదేనట. ఏం చెయ్యను? – ఒక పాస్టరు, ప్రకాశం జిల్లా

జవాబు:

పాస్టరుగారూ, వందనాలు. వయసులో మీకంటే బాగా పెద్దవాణ్ణి, సంఘ చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి కాస్త చనువుగానే రాస్తాను.

మీ ఉత్తరంలో అన్నిటికంటే బరువైన విషయం లెక్క అడిగిన కుర్రాడిది. మీరు దాన్ని పక్కమాటలా రాసి, "నేనేమీ అనలేదు" అని ముగించారు. దాని దగ్గరికి వస్తాను. ముందు పెద్దాయన అభ్యంతరం తేల్చేద్దాం, అది చిన్నది.

గ్రెగరీ 590లో రోము బిషప్పు అయ్యాడు. ఆయన్ని పోపు అనే అంటారు, నిజమే. కానీ ఆయన ప్రొటెస్టెంటు సంస్కరణ మొదలుపెట్టిన లూథర్ పుట్టడానికి దాదాపు తొమ్మిది వందల ఏళ్ల ముందటి మనిషి. సంస్కర్తలు ఆయన్ని పక్కన పెట్టలేదు. వాళ్లలో ఒకడైన కాల్విన్ తన వాదనలకు గ్రెగరీ ఉత్తరాలనే సాక్ష్యంగా తెచ్చుకున్నాడు. కారణం ఉంది. కాన్‌స్టాంటినోపుల్ (ఇప్పటి ఇస్తాంబుల్) బిషప్పు సర్వలోక సంఘానికీ తానే బిషప్పు అన్నట్టుండే బిరుదు పెట్టుకుంటే గ్రెగరీ గట్టిగా ఎదిరించాడు. తర్వాత అలెక్సంద్రియ బిషప్పు యులోగియస్ మర్యాద కొద్దీ అలాంటి బిరుదునే గ్రెగరీకి తగిలించి ఉత్తరం రాస్తే, నన్నలా పిలవొద్దని తిరుగు జవాబు పంపాడు. మన ఉజ్జీవ కూడికల ఫ్లెక్సీల మీద పేర్ల ముందు వరసగా నిలబడే బిరుదుల్ని ఒకసారి తలచుకోండి. ఆ ఉత్తరం ఎవరికి అవసరమో మీ పెద్దాయనకే తెలిసిపోతుంది.

ఇక "బైబిల్ చాలదా" అన్నది. చాలు. గ్రెగరీ లాంటి తొలి శతాబ్దాల కాపరులు, ఆ పాతవాళ్లు కూడా అదే అంటారు. వాళ్ల రాతల్లో సగం వాక్యమే. మీరు చదివే మొదటి పేతురు అయిదో అధ్యాయాన్ని, యెహెజ్కేలు ముప్ఫై నాలుగో అధ్యాయాన్ని, మోషే, నాతాను, పౌలుల్ని ముందు పెట్టుకొని, తమ ఊళ్లో తమ జనం మధ్య వాటిని ఎలా పాటించాలా అని తంటాలు పడ్డవాళ్లు. "మీకు అప్పగింపబడినవారిపైన ప్రభువులైనట్టుండక" అని పేతురు రాసిన మాట చదవడం తేలిక. అలా ఉండకుండా ఉండాలంటే సోమవారం పొద్దున ఏం చెయ్యాలో చెప్పేవాళ్లు కావాలి కదా.

ఒక్క హెచ్చరిక. సంఘాన్ని పెంచే ఉపాయాలు వెతుక్కుంటూ వాళ్ల దగ్గరికి వెళితే మీకేమీ దొరకదు. మన సేవకుల సెమినార్లలో చెప్పేవి వాళ్ల దగ్గర లేవు. వాళ్లకున్నదల్లా కాపరి కుర్చీ అంటే భయం. అందులో కూర్చున్న మనిషికి ఏమవుతుందో వాళ్లు దగ్గరగా చూశారు. అందుకే ఆ మనిషి చుట్టూ కంచె వేశారు. మందను కాపాడటానికి ఎంత రాశారో, మందను కాపరి నుంచి కాపాడటానికీ అంతే రాశారు. నాకు తెలిసి ఈ కాలపు సేవకులు వాళ్లను చదవాల్సింది ఇందుకే.

మీలాగే తండ్రి సంఘంలోకి వచ్చినవాడి సంగతి చెబుతాను. నాలుగో శతాబ్దంలో కప్పదొకియలో (ఇప్పటి టర్కీలో) నజియాంజుస్ అనే చిన్న ఊరు. అక్కడి బిషప్పు కొడుకు పేరు కూడా గ్రెగరీయే. గొప్ప చదువు చదివాడు, ఏకాంతంగా బతకాలని ఆశ. తండ్రి ముసలివాడై, సాయం కావాలని, కొడుకు ఇష్టపడకపోయినా 361 చివర్లో ప్రెస్బితరుగా, అంటే బిషప్పు కింద పనిచేసే సంఘ పెద్దగా అభిషేకించేశాడు. కొడుకు ఊరొదిలి పారిపోయాడు. పొంతులో ఉన్న స్నేహితుడు బాసిల్ దగ్గర తలదాచుకొని, మరుసటి ఏడు ఈస్టరు పండుగ నాటికి తిరిగొచ్చాడు. జనం కోపంగా ఉన్నారు. వాళ్లకు సంజాయిషీగా ఎందుకు పారిపోయాడో, ఎందుకు తిరిగొచ్చాడో ఒక పెద్ద ప్రసంగం రాశాడు. కాపరి పని గురించి తర్వాత వచ్చిన రాతలు చాలావరకు ఆ ప్రసంగం నీడలోనే పెరిగాయి. మనిషిని నడిపించడం కళలన్నిటిలోకీ కష్టమైన కళ అంటాడు అందులో. శరీరానికి మందివ్వాలంటేనే ఏళ్ల తరబడి నేర్చుకోవాలి, మనసుకు మందివ్వడానికి మాత్రం ఎవరైనా చాలనుకుంటారేమని అడుగుతాడు. ఇతరులను శుద్ధి చేసేముందు తాను శుద్ధి కావాలి, ఇతరులకు తెలివి చెప్పేముందు తాను నేర్చుకోవాలి అంటాడు.

మిమ్మల్ని పారిపొమ్మని చెప్పడం లేదు. కానీ తండ్రి కుర్చీ కొడుక్కి రావడం సహజమే అనుకొని కూర్చోవడం వేరు, "నేనెందుకు ఇక్కడున్నాను" అని జనం ముందు సంజాయిషీ చెప్పుకోవడం వేరు. మీ సంఘం మిమ్మల్ని ఎన్నుకుందా, లేక నాన్నగారి మీద గౌరవంతో ఊరుకుందా? ఈ ప్రశ్న మీరు మీ పెద్దల్ని అడిగారా?

ఇప్పుడు ఆ కుర్రాడి దగ్గరికి వద్దాం.

425 చివర్లో ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో పట్టణంలో జరిగింది ఇది. అక్కడ బిషప్పు అగస్టీన్, అప్పటికి డెబ్బై దాటినవాడు. తన దగ్గరుండే ప్రెస్బితర్లు, డీకన్లు (సంఘ పరిచారకులు) సొంత ఆస్తి లేకుండా అపొస్తలుల కార్యముల్లో లాగా అందరూ కలిసి బతకాలని ఆయన నియమం. జనువారియస్ అనే ప్రెస్బితరు అన్నీ ఇచ్చేశానని చెప్పి చేరాడు. నిజానికి కొంత వెండి దాచుకున్నాడు. అదేమిటంటే, చిన్నపిల్లైన నా కూతురిదన్నాడు. చావు దగ్గరపడ్డాక ఆ డబ్బు తనదేనని ప్రమాణం చేసి వీలునామా రాశాడు. కూతుర్నీ కొడుకునీ కాదని మొత్తం సంఘానికి రాశాడు. మన దగ్గరైతే ఏమయ్యేది? "ప్రభువుకిచ్చాడు, స్తోత్రం" అని తీసుకునేవాళ్లం. అగస్టీన్ తీసుకోలేదు. సంఘమంతటినీ పిలిచి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆ సొమ్ము మనకు వద్దన్నాడు. తన ఇంట్లో ఉంటూ అబద్ధమాడిన మనిషి గురించి, తనకే అవమానమైన సంగతి, పుల్పిట్ మీదనుంచి ఆయనే చెప్పాడు.

అంతటితో ఆగలేదు. మిగతావాళ్ల సంగతి కూడా విచారించి చెబుతానని జనానికి మాటిచ్చాడు. 426 జనవరిలో మళ్లీ అందరినీ కూర్చోబెట్టి, ముందు అపొస్తలుల కార్యముల్లోని ఆ భాగం చదివించి, తానూ ఒకసారి చదివి, తర్వాత తన దగ్గరున్న ఒక్కొక్కరి లెక్కా చెప్పుకుంటూ పోయాడు. ఎవరికి పొలముంది, ఎవరికి ఇల్లుంది, తోబుట్టువులతో ఇంకా పంచుకోని ఆస్తి ఎవరికుంది, అన్నీ పేర్లతో సహా. ఆ రెండు ప్రసంగాలు ఇప్పటికీ ఉన్నాయి. వాటిలోనే తన బట్టల గురించీ చెప్పాడు. ఖరీదైన పైవస్త్రం ఎవరైనా ఇస్తే బిషప్పుకు తగినదేమో గానీ పేదవాళ్లకు పుట్టిన పేదవాడు అగస్టీనుకు తగదు, అమ్మి బీదలకు ఇచ్చేస్తాను అన్నాడు.

అంతటి మనిషి ఎవరూ అడక్కముందే లెక్క చెప్పాడు. మీ దగ్గర ఒక కుర్రాడు అడిగితే కూర్చోబెట్టేశారు. మీ పెద్దలు మిమ్మల్ని కాపాడామనుకున్నారు. వాళ్ల ప్రేమను నేను శంకించను. కానీ ఆ మాటతో మీ మీద అనుమానాన్ని సంఘమంతటికీ పంచిపెట్టారు. ఇప్పుడు ఆ కుర్రాడొక్కడే కాదు, ఆ రోజు కూడికలో ఉన్న ప్రతివాళ్లూ లోపల అదే అడుగుతూ ఉంటారు.

ఈ సమస్య కొత్తదేమీ కాదు. రెండో శతాబ్దం మొదటి భాగంలో స్ముర్న బిషప్పు పోలికార్పు ఫిలిప్పీ సంఘానికి ఉత్తరం రాస్తూ, వాలెన్స్ అనే మాజీ ప్రెస్బితరు, అతని భార్య డబ్బాశలో పడ్డారని బాధపడతాడు. ఇది పౌలు ఫిలిప్పీయులకు రాసిన కాలానికి వందేళ్లు కూడా నిండని రోజుల మాట. పోలికార్పు ఆ తప్పును కప్పిపెట్టలేదు. అలాగని వాళ్లను తరిమెయ్యమనీ అనలేదు. శత్రువుల్లా చూడకండి, జబ్బుపడి తప్పిపోయిన అవయవాల్లా తిరిగి పిలుచుకోండి అని రాశాడు.

కాబట్టి చెయ్యాల్సింది చెబుతాను. కుర్రాడి ఇంటికి మీరే వెళ్లండి. "నువ్వడిగింది న్యాయమే, ఆ రోజు నేను నోరు విప్పాల్సింది" అని వాళ్ల అమ్మానాన్నల ముందు చెప్పండి. కానుకలు లెక్కపెట్టేది మీరు కాకూడదు, మీ ఇంటివాళ్లూ మీ బంధువులూ కాకూడదు. ఇద్దరు ముగ్గురు కలిసి లెక్కపెట్టి పుస్తకంలో రాసి సంతకాలు పెట్టాలి, అందులో ఆ కుర్రాడు ఒకడైతే మరీ మంచిది. మీ జీతం ఇంత అని సంఘం తేల్చాలి. పాలు తాగొద్దని ఎవరూ అనరు. యెహెజ్కేలు మీద అగస్టీన్ చేసిన ప్రసంగం ఒకటుంది. అందులో పాలంటే కాపరికి అందే పోషణ, ఉన్ని అంటే గౌరవం అంటాడు. రెండూ తీసుకోవచ్చు, వాటి కోసమే కాపరి పని చెయ్యడం తప్పంటాడు. నెలకోసారి లెక్క చదివి గోడకు అంటించండి. పెద్దలు అడ్డు చెబితే కార్తేజి బిషప్పు సిప్రియన్ మాట చెప్పండి. బిషప్పైన రోజునుంచీ మీ ఆలోచన అడక్కుండా, ప్రజల సమ్మతి లేకుండా సొంత అభిప్రాయంతో ఏదీ చెయ్యకూడదని నిర్ణయించుకున్నానని ఆయన తన ప్రెస్బితర్లకు, డీకన్లకు రాశాడు. మూడో శతాబ్దం మధ్యలో, హింసల కాలంలో, అజ్ఞాతంలో ఉంటూ రాశాడు. అర్జెంటు అని చెప్పి ఒంటరి నిర్ణయాలు తీసుకోవడానికి ఆయనకున్నంత సాకు మనకెవరికీ లేదు.

స్థలం సంగతి వాయిదా వెయ్యకండి. నాన్నగారి పేరున ఉన్న మందిరం చట్టం కంటికి మీ తోబుట్టువులందరికీ వాటా ఉన్న కుటుంబ ఆస్తి. రేపు ఎవరికో డబ్బు అవసరమొస్తే సంఘం కోర్టు మెట్లెక్కుతుంది. అలా ఎక్కిన సంఘాలు మన జిల్లాల్లో మీకూ తెలుసు. వకీలుతో మాట్లాడి, సంఘాన్ని సొసైటీగానో ట్రస్టుగానో రిజిస్టర్ చేయించి, స్థలం దాని పేరున మార్చండి. మీ తర్వాత ఎవరన్నది కూడా దాని నియమాల్లో రాయించండి. మీకింకా చిన్న వయసే కదా అనొద్దు. అగస్టీన్ ఉన్న ఉత్తర ఆఫ్రికాలోనే మిలేవిస్ ఊళ్లో సెవెరస్ అనే బిషప్పు తన తర్వాత ఎవరో ప్రెస్బితర్లకు మాత్రమే చెప్పి, జనానికి చెప్పకుండా చనిపోతే గొడవకు దారితీసింది. సర్దడానికి అగస్టీనే వెళ్లాడు. ఆ పాఠంతో 426 సెప్టెంబరులో తన సంఘాన్ని సమావేశపరచి, నా తర్వాత ఎరాక్లియస్ అని అందరి ముందూ చెప్పి, జనం అవునన్న మాటల్ని లేఖకులతో రాయించి పెట్టాడు.

మీ అలసటకు మందు కూడా ఆ రోజు సమావేశంలోనే ఉంది. అంతకుముందు అగస్టీన్ జనంతో ఒక ఒప్పందం చేసుకున్నాడు. బిషప్పుల సభలు తనకు అప్పగించిన లేఖనాల పని కోసం వారానికి అయిదు రోజులు తనను కదిలించొద్దని. వాళ్లు సరేనన్నారు. కొన్నాళ్లు పాటించారు, తర్వాత మళ్లీ తలుపు తట్టడమే. పొద్దున్నా మధ్యాహ్నమూ తగాదాలు తీర్చడంలోనే గడిచిపోతోందని ఆయన జనం ముందే వాపోయాడు. అందుకే, మీ పనులన్నీ ఇకమీదట ఎరాక్లియస్ దగ్గరికి తీసుకెళ్లండి, నా సలహా కావాలంటే ఇస్తాను అన్నాడు. వాట్సాప్ లేని రోజుల్లోనే ఇది పరిస్థితి. ఫోను మీద కోపం తెచ్చుకొని లాభం లేదు.

పని పంచాలి. రోగుల్ని పరామర్శించడం, విధవరాండ్రను, అనాథలను చూసుకోవడం ప్రెస్బితర్లందరి పని అని పోలికార్పు రాశాడు. మన సంఘాల్లో అదంతా ఒక్క పాస్టరు నెత్తిన, లేకపోతే పాస్టరమ్మగారి నెత్తిన పడింది. పెద్దల్లో నలుగురికి వీధులు పంచండి. రాత్రి పదింటి తర్వాత ఆసుపత్రి, చావు, ఇంట్లో కొట్లాట, వీటికి మాత్రమే ఫోను అని కూడికలో చెప్పండి. చచ్చిపోతానని ఫోను చేసేవాళ్లు ఉంటే మాత్రం గంటల తరబడి ప్రార్థనతో సరిపెట్టకండి. ఇంట్లోవాళ్లను లేపండి, డాక్టరు దగ్గరికి పంపండి, మానసిక సమస్యలకు సాయం చేసే ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416 ఫోనులో సేవ్ చేసి పెట్టుకోండి. ఈ విషయంలో పాతవాళ్ల జ్ఞానం సరిపోదు, వాళ్ల కాలంలో ఈ వైద్యం లేదు.

రోము గ్రెగరీ ఈ ఇరుకును బాగా ఎరిగినవాడు. ముందు రోము నగరానికి ప్రిఫెక్టుగా (నగర పాలనాధికారిగా) అధికారం చేసి, అది వదిలేసి సన్యాసి అయ్యాడు. టైబర్ వరదలు, ఆ వెనకే ప్లేగు వచ్చి, 590లో బిషప్పును కూడా తీసుకెళితే జనం ఈయన్ని పట్టుకున్నారు. తప్పించుకోవాలని చూశాడు. ఎందుకలా దాక్కోవాలనుకున్నావని రవెన్నా బిషప్పు యోహాను మందలిస్తే, దానికి జవాబుగా రాసిందే మీ మాస్టారు చదవమన్న పుస్తకం, ఇంగ్లిష్‌లో 'పాస్టోరల్ రూల్' అంటారు. బయటి పనుల్లో పడి లోపలి జీవితాన్ని వదిలెయ్యకూడదు, లోపలి జీవితం పేరు చెప్పి బయటి పనుల్ని నిర్లక్ష్యం చెయ్యకూడదు అంటాడు. మోషే గుడారంలోకి వెళ్లి దేవునితో మాట్లాడేవాడు, బయటికొచ్చి జనం బరువు మోసేవాడు, కాపరీ అలా లోపలికీ బయటికీ తిరగాలంటాడు. మీరిప్పుడు బయటే ఉండిపోయారు.

ఆ పుస్తకంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది మూడో భాగం. మొత్తం పుస్తకంలో సగానికి పైగా అదే ఉంటుంది. ఒకే మాట అందరికీ చెప్పకూడదన్నది దాని సారం. గుర్రాన్ని శాంతపరిచే ఈలే కుక్కపిల్లల్ని రెచ్చగొడుతుంది, ఒక జబ్బును తగ్గించే మందు ఇంకో జబ్బును పెంచుతుంది అంటాడు మొదట్లోనే. ఇక అక్కణ్ణుంచి జంటలు జంటలుగా మనుషుల్ని తెస్తాడు. బీదవాళ్లు, ధనికులు. సంతోషంగా ఉండేవాళ్లు, దిగులుగా ఉండేవాళ్లు. సిగ్గులేనివాళ్లు, బెదురుగొడ్లు. నోరు మెదపనివాళ్లు, వాగుడుకాయలు. తమది ఇచ్చేవాళ్లు, పరులది లాక్కునేవాళ్లు. తగాదా పెట్టేవాళ్లు, సర్దిచెప్పేవాళ్లు. ఒక్కొక్కరికీ మాట ఎలా చెప్పాలో వివరిస్తాడు. పైగా తన జంటల్ని కూడా గుడ్డిగా నమ్మొద్దంటాడు. బీదవాణ్ణి ఓదార్చాలి, ధనికుణ్ణి హెచ్చరించాలి, నిజమే. కానీ అణకువగల ధనికుడూ ఉంటాడు, పొగరుబోతు బీదవాడూ ఉంటాడు, చూసి మాట్లాడమంటాడు. అధికారంలో ఉన్నవాణ్ణి నేరుగా తిడితే వినడు. అందుకే నాతాను ముందు గొర్రెపిల్ల కథ చెప్పి, దావీదు నోటితోనే తీర్పు చెప్పించి, ఆ తర్వాతే "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడని చూపిస్తాడు.

ఇది చదివి మన సంగతి చూసుకోండి. పొద్దున అయిదింటికి ఒకే వాయిస్ మెసేజి సంఘం గ్రూపులో అందరికీ పడుతుంది. భర్త చేతిలో దెబ్బలు తింటున్న ఆవిడకు "సహించు చెల్లీ" అన్న మాట అందుతుంది. కొడుతున్న ఆ భర్తకూ "సహించు" అన్న అదే మాట అందుతుంది, వాడికి అది ఎంత హాయిగా ఉంటుందో ఆలోచించండి. ఇక మన దగ్గర ఇంకో అలవాటు, ఎవరి మీదో కోపం ఉంటే పేరు చెప్పకుండా ఆదివారం ప్రసంగంలో వాతలు పెట్టడం. అందరికీ తెలుసు ఎవర్ని అంటున్నారో. తగలాల్సినవాడు మరుసటి వారం ఎదురుగా ఉన్న సంఘానికి వెళ్లిపోతాడు. నాతాను రాజమందిరానికి నడిచి వెళ్లాడు. మీరు ఆ ఇంటికి నడిచి వెళ్లండి.

ప్రసంగం ఆనడం లేదన్న టెన్షన్‌కు యోహాను క్రిసోస్తొం ఉన్నాడు. అంతియొకయలో, తర్వాత కాన్‌స్టాంటినోపుల్‌లో ప్రసంగించినవాడు, 'బంగారు నోరు' అని పేరు. జనం చర్చిలో చప్పట్లు కొట్టేవాళ్లు, ఆయన వద్దనేవాడు. కాపరి పని మీద ఆయన రాసిన పుస్తకంలో అయిదో భాగం మొత్తం ఇదే గోల. జనం పాఠం వినడానికి కాకుండా పోటీ చూడటానికి వచ్చినట్టు కూర్చుంటారట, నా ప్రసంగీకుడు గొప్ప అంటే నావాడు గొప్ప అని పక్షాలు కడతారట. ఎవరిదైనా ఒక మాట ఎత్తి వాడుకుంటే డబ్బు దొంగకంటే ఎక్కువ తిట్లు పడతాయట. యూట్యూబ్ లేకుండానే! ఆయన చెప్పిన మందు రెండు పాళ్లది. బాగా మాట్లాడటం కష్టపడి నేర్చుకోవాలి, పొగడ్త మీద ఆశ చంపుకోవాలి. మొదటిది లేకుండా రెండోది ఉంటే జనానికి ఉపయోగం లేదు, రెండోది లేకుండా మొదటిది ఉంటే జనానికీ తనకూ చేటు. మీరు యూట్యూబ్ నుంచి ఎత్తుకొస్తున్నారని నేననను. ఎత్తుకొస్తుంటే మానెయ్యండి, మీ వాళ్లు ఒరిజినల్ వినే ఉంటారు. హైదరాబాదు సేవకుడికి తెలియనిది మీకు తెలుసు, ఈ ఏడు మీ ఊళ్లో పొగాకు ఎవరిది అమ్ముడుపోలేదో, ఎవరి కూతురు పుట్టింటికి వచ్చేసిందో.

పొగడ్త గురించి రోము గ్రెగరీ ఇంకా కటువుగా మాట్లాడాడు. చుట్టూ ఉన్నవాళ్లు పొగుడుతుంటే నాయకుడు తన లోపల తానెలా ఉన్నాడో మరిచిపోయి, బయట వినపడేదే తాననుకుంటాడట. ఇంకోచోట, పెళ్లికొడుకు పెళ్లికూతురికి కానుకలిచ్చి ఒక పనివాడిని పంపితే, వాడు ఆ పిల్ల కళ్లకు తానే నచ్చాలని చూస్తే ఎలా ఉంటుందో, మంచి పనులు చేసి క్రీస్తుకు బదులు తానే సంఘం ప్రేమ పొందాలనుకునే కాపరి అలాంటివాడంటాడు. నా మటుకు నాకు కాపరుల గురించి ఇంతకంటే భయపెట్టే మాట ఇంకెక్కడా తగల్లేదు.

అలాగని అన్నిటికీ తల ఊపకండి. దాసులూ యజమానులూ ఉండటాన్ని గ్రెగరీ మామూలు విషయంగానే తీసుకొని సలహాలిచ్చాడు. స్త్రీల గురించి వీళ్లలో చాలామంది రాసినవి ఇవాళ మందిరంలో చదివితే ఆడవాళ్లు లేచి వెళ్లిపోతారు, వెళ్లాలి కూడా. అలాంటివి వదిలెయ్యండి. వదలకూడనిది ఒకటి, మూడో శతాబ్దంలో సిరియాలో పుట్టిన దిదాస్కాలియా అనే నియమాల పుస్తకంలో ఉంది. కూడిక జరుగుతుండగా పేరున్నవాడు వస్తే బిషప్పు వాక్యం ఆపకూడదు. బీదవాడో, ముసలిదో వచ్చి చోటు లేకపోతే మాత్రం బిషప్పు చోటు చెయ్యాలి, తాను నేల మీద కూర్చోవాల్సొచ్చినా సరే. మాలపల్లి సంఘమని, మాదిగపల్లి సంఘమని వేరువేరుగా కట్టుకొని, ముందు వరస కుర్చీ ఎమ్మెల్యేగారి కోసం ఖాళీగా ఉంచే మనకు ఆ నియమం ఇంకా అమలు కాలేదు.

ప్రవక్తగారి విషయానికి డిడాకే చూడండి. మొదటి శతాబ్దం చివర్లోనో రెండో శతాబ్దం మొదట్లోనో రాసిన చిన్న పుస్తకం. వందల ఏళ్లు కనపడకుండా పోయి, 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లోని ఒక మఠం లైబ్రరీలో బ్రుయెన్నియోస్ అనే గ్రీకు పండితుడి కంటపడింది, 1883లో అచ్చయింది. ఊరూరూ తిరిగే సేవకుల బెడద ఆ సంఘాలకు బాగానే ఉన్నట్టుంది. వచ్చినవాణ్ణి ప్రభువును చేర్చుకున్నట్టు చేర్చుకోండి అంటుంది. ఒకరోజు ఉండొచ్చు, అవసరమైతే రెండు. మూడో రోజూ ఉంటే అబద్ధ ప్రవక్త. వెళ్లేటప్పుడు తర్వాతి మజిలీ దాకా సరిపడే రొట్టె తప్ప ఏమీ తీసుకోకూడదు, డబ్బడిగితే అబద్ధ ప్రవక్త. ఆత్మవశుడై "నాకు డబ్బివ్వండి" అంటే వినొద్దు, అక్కరలో ఉన్న ఇంకొకరి కోసం అడిగితే తీర్పు తీర్చొద్దు. పనిచెయ్యకుండా కూర్చొని తినాలనుకునేవాడు క్రీస్తు పేరుతో వ్యాపారం చేసేవాడు.

మూడు రోజుల లెక్క అక్షరాలా పట్టుకోనక్కర్లేదు, అప్పుడు అతిథి విశ్వాసుల ఇళ్లలోనే తిని పడుకునేవాడు. పరీక్ష మాత్రం వాడుకోండి. ప్రవక్తగారికి ఫోను చేసి మర్యాదగా అడగండి. కానుకలు మా సంఘంవాళ్లే లెక్కపెడతారు, సమ్మతమేనా? ఖర్చులు పోను మిగిలింది ఊళ్లో ఫలానా విధవరాలి ఇంటి కప్పుకు ఇస్తాం, సమ్మతమేనా? రోగులను మందులు మానెయ్యమని స్టేజీ మీదనుంచి చెప్పరు కదా? ఆయన ఒప్పుకుంటే ఒక్క సాయంత్రం కూడిక పెట్టండి, మూడు వద్దు. కోపగించుకుంటే మీ సంఘం డబ్బు మిగిలింది.

చదవడం ఎలాగంటారా, ఇంగ్లిష్‌లో ఇవన్నీ పాత అనువాదాల్లో ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. డిడాకే గంటలో అయిపోతుంది, ముందు అది చదవండి, వీలైతే పెద్దలతో కలిసి. గ్రెగరీ పుస్తకం మాత్రం మొదటి పేజీనుంచి పట్టకండి, విసుగొస్తుంది. మూడో భాగంతో మొదలుపెట్టండి. పక్క ఊళ్ల పాస్టర్లు ఇద్దరు ముగ్గుర్ని కూడగట్టుకొని వారానికి ఒక జంట చదవండి, మీ సంఘాల్లో అలాంటివాళ్లకు ఏం చెప్పాలో పేర్లెత్తకుండా మాట్లాడుకోండి. ఒక్కో అధ్యాయం చిన్నదే, సోమవారం మధ్యాహ్నం ఒక గంట సరిపోతుంది.